చిన్న పంతులు సంకల్పాలు

నవంబర్ 2, శనివారం

ఈ రోజు రెండు వార్తలు. ఒకటి మంచిది. రెండోది దాన్ని మింగేసేది.

మంచిది: విశాఖపట్నంలో జరిగే కథా శిబిరానికి నన్ను ఎంపిక చేశారు. ఇరవై మూడు నుంచి ఇరవై ఐదు దాకా. మా కాలేజీలో తెలుగు చెప్పే ఝాన్సీ మేడమ్ నాకు చెప్పకుండానే నా కథ పంపారట. "ఇక నుంచి రోజూ ఏదో ఒకటి రాయి సూర్యతేజా, ఏమీ తోచకపోతే డైరీ రాయి" అన్నారు. అందుకే ఇది.

రెండోది నాన్నగారి గొంతు. టెక్కలి డాక్టరు చూసి, గొంతు తీగ మీద బొడిపె లేచిందన్నాడు. ఏళ్ల తరబడి గట్టిగా మంత్రాలు చదివినందుకట. ఇరవయ్యో తారీకున మళ్లీ చూసేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా కూడదు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ ఆలోచన. ఆ తర్వాత గొంతు మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు. పూజారికి గొంతే కదా నాగలి.

ఇవాళే కార్తీకం మొదలు. పలాసలో మా శివాలయం చిన్నదే గానీ కార్తీక సోమవారాల్లో వరస వీధి చివర టీ కొట్టు దాకా పోతుంది. కాబట్టి ఆయనకి గొంతు వచ్చేదాకా పూజలన్నీ నేనే చెయ్యాలి.

అమ్మ మాత్రం నవ్వుతోంది. "దక్షిణామూర్తి అని పేరు పెట్టినందుకు మీ తాతగారి ఆత్మ ఇప్పటికి సంతోషించి ఉంటుంది. ఆ స్వామి నోరు మెదపకుండానే పాఠం చెప్పాడు. ఈయనా చెప్పాలి మరి" అంది. నాన్నగారు చప్పుడు లేకుండా నవ్వారు. భుజాలు మాత్రమే ఊగాయి.

నాలుగో సోమవారం ఇరవై ఐదు. అదే శిబిరం ఆఖరి రోజు. ఇరవయ్యో తారీకుకి గొంతు వచ్చేస్తే నేను వెళ్లొచ్చు.

స్వామీ, నాన్నగారి గొంతు బాగు చెయ్యి. నా కోసం కాదు. నాన్నగారి కోసమే.


నవంబర్ 3

నేను మంత్రం చదువుతుంటే నాన్నగారు చేతిగంట పట్టుకుని వెనక కూర్చున్నారు. తప్పు చదివితే ఒక గంట. ఎదురింటి పిల్లలు ఐస్ బండి వచ్చిందనుకుని బయటికి పరిగెత్తారు.


నవంబర్ 4, సోమవారం

మొదటి సోమవారం గట్టెక్కింది. సంకల్పం చెప్పడం కష్టం కాదు. వచ్చినవాళ్ల గోత్రం, పేరు అడగాలి, "క్షేమ స్థైర్య ధైర్య" అని మొదలయ్యే సంస్కృతం మాటల్లో పెట్టి స్వామికి వినిపించాలి. గోత్రం తెలియదంటే శివగోత్రం. మధ్యాహ్నానికి నా నాలుక ఎండుచేప అయింది. (ఈ పోలిక మా ఇంట్లో పైకి అనకూడదు. రాసుకోవచ్చు.)

గౌరమ్మ గురించి రాయాలి. వజ్రపుకొత్తూరు దగ్గరి పల్లె. ఆమె భర్త ఎల్లాజీకి కిడ్నీ జబ్బు. సోమవారాలు అతన్ని డయాలసిస్‌కి పలాస తీసుకొచ్చి, అక్కడ పడుకోబెట్టి, మా గుడికి వస్తుంది.

"ఏటి, పెద్ద పంతులు ఏరి?"

"గొంతు బాగోలేదమ్మా. నేనే చేస్తున్నాను."

"నువ్వా? మీసమే సరిగ్గా రానేదు, నువ్వేటి సేత్తావు!" అని నన్ను పక్కకి జరిపి గర్భగుడి వైపు తిరిగింది. "ఏటయ్యా! మూడు కళ్లంతారు, ఒక్కటైనా ఇటు సూడదేటి? మా మావ కొబ్బరిసెట్టు ఎక్కుతుంటే ఊరంతా నిలబడి సూసీది. ఇప్పుడు ఆటో మెట్టు ఎక్కడానికి నా బుజం కావాలి. నీకు సిగ్గు నేదేటి?"

వరసలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాన్నగారు కూడా గంట కొట్టలేదు. తిట్టాల్సినంత తిట్టి, ఊపిరి తీసుకుని, "సర్లే. నీ ఇట్టం" అంది.

"కోరిక ఏం చెప్పమంటావమ్మా?" అన్నాను.

"పేరు సెప్పు, సాలు. మిగతాది నాను తిట్లలో సెప్పీసినాను కదా."


నవంబర్ 7

నాకొక ఆలోచన వచ్చింది. చాలా గొప్ప ఆలోచన.

పరీక్ష రాసేవాడికీ, గేదె తప్పిపోయినవాడికీ, పెళ్లి కుదరనివాడికీ ఒకటే సంకల్పం. అచ్చయిన శుభలేఖలో పేరు మాత్రం మార్చినట్టు. వచ్చినవాళ్లకి అర్థం కాదు. చదివే నాకూ సగమే అర్థమవుతుంది. తెలుగులో చెబితే? ఎవరి కోరిక వాళ్లకి తగ్గట్టు, చక్కని మాటల్లో?

రెండు పేజీలు నమూనాలు రాసుకున్నాను. ఉద్యోగానికి ఒకటి, సంతానానికి ఒకటి, వానకి ఒకటి. వానది బాగా వచ్చింది. "మట్టి వాసన లేచేలా" అని రాసి నాలో నేనే మురిసిపోయాను.

నాన్నగారికి చెప్పలేదు. ఆయన మాట్లాడకూడదు కదా, అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు.


నవంబర్ 11, సోమవారం

ఇది పూర్తిగా రాయాలి. రేపటికి నేనే నమ్మను.

పొద్దున వరస పొడుగ్గా ఉంది. ఒక్కొక్కరినీ దగ్గరకి పిలిచి కోరిక అడిగాను. మొదట అంతా బాగానే సాగింది. ఉద్యోగం కోరినవాడు నా తెలుగు విని కళ్లు తుడుచుకున్నాడు. నాకు రెక్కలొచ్చాయి.

అప్పుడు ఆటో నడిపే రమేష్ వచ్చాడు. నా చెవిలో ఏదో గొణిగాడు. మాట స్పష్టంగా పలకమని వారం రోజులుగా గంట కొట్టించుకుంటున్నవాణ్ణి కదా, గొంతెత్తి స్పష్టంగా పలికాను.

"స్వామీ, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ప్రమోదిని మనసు కరిగి, ఈ మాఘమాసం దాటకుండా రమేష్ చేయి అందుకొనేలా అనుగ్రహించు!"

వరసలో నాలుగో మనిషి ప్రమోదిని మేనత్త బుచ్చమ్మ.

"ఒరే ఆటోవోడా! మా గుంట పేరు శివుడి కాడ సెప్తావేటిరా? ముందు మా ఇంటికొచ్చి సెప్పాల!"

"నాను సిన్న పంతులు సెవిలో సెప్పినాను అత్తా. ఈయన మైకు పెట్టీసినాడు!"

"అప్పుడే అత్తా అంతావేటి!"

నవ్వులు ఆగకముందే కూర్మారావు గారు పళ్లెం పట్టుకుని ముందుకొచ్చారు. సముద్రం ఒడ్డున ఆయనకి కొబ్బరితోట ఉంది. వాన కావాలన్నారు. మట్టి వాసన లేచేలా అడిగాను. వెనకనుంచి పాపారావు గారి గొంతు లేచింది. ఆయనది మందస. వరి కోసి పనలు పొలంలోనే పరిచి ఉన్నాయి. వాటిని కుప్ప వేసేదాకా చినుకు పడకూడదని మొక్కడానికి వచ్చారు.

"ఏటి బావా, నా సేను ములిగిపోవాలని మొక్కుతున్నావేటి?"

"నీ సేను మందసలో ఉంది, నా తోట సముద్రం కాడుంది. శివుడికి దారి తెల్దేటి బావా?"

"శివుడికి తెలుస్తాది. మబ్బుకి మండలాలు తెలుస్తాయేటి?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. "సిన్న పంతులూ, మా ఇద్దరివీ ఎలా పంపుతావో సెప్పు!"

నడుముకి దోపుకున్న నమూనాలు తీసి తిరగేశాను. వాన కావాలన్నది ఉంది, వద్దన్నది లేదు.

అప్పుడు నాన్నగారు గంట అందుకున్నారు. తప్పుకి ఒక గంట కాదు. ఆపకుండా కొట్టారు. జనం హారతి అనుకున్నారు. అందరూ టక్కున చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. కూర్మారావు గారు, పాపారావు గారు, బుచ్చమ్మ, రమేష్, అందరూ. నేను పరుగున కర్పూరం వెలిగించాను.

కళ్లు తెరిచాక ఎవరికీ తగువు ఎక్కడ ఆగిందో గుర్తులేదు.


నవంబర్ 12

పొద్దున నాన్నగారు ఎదురుగా పీట చూపించి కూర్చోమన్నారు. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు. తిట్లు అంత నిదానంగా తయారవుతుంటే చూస్తూ కూర్చోవడం తిట్లకంటే కష్టం. చివరికి నా ఫోన్ మోగింది.

"అందరి కోరికా ఒకే మూటలో ఎందుకు కట్టారనుకున్నావు విప్పితే కొట్టుకుంటారు"

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. మళ్లీ టైపు చేశారు.

"పేరు చెప్పి పక్కకి జరగడమే మన పని ఏది ఇవ్వాలో ఆయన చూసుకుంటాడు"

అమ్మ ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా. క్యారేజీ సర్దుకుంటూ, "ఊళ్లోవాళ్ల కోరికలన్నీ పైకి చదివావు. నీదేమిటో కూడా చదువు, విందాం" అంది.

"నాన్నగారి గొంతు బాగుపడాలి."

"ఎప్పటికి?"

"ఇరవైకి."

"ఇరవైకే ఎందుకు?"

"డాక్టరు ఆ రోజే చూస్తానన్నాడు కదా."

అమ్మ నన్నోసారి చూసి క్యారేజీ మూత బిగించుకుని ఆఫీసుకి వెళ్లిపోయింది. రోజంతా జనాల అర్జీలు చివరి వాక్యం దాకా చదివే మనిషి.


నవంబర్ 13

గొంతు ఇరవై ఆరున వస్తే?

సంతోషమే.

సంతోషమే అని రాశాను గానీ రాస్తున్నప్పుడు కలం గట్టిగా నొక్కాను. వెనక పేజీలో కూడా అచ్చు పడింది.


నవంబర్ 15, శుక్రవారం, పౌర్ణమి

గుడంతా దీపాలే. నూనె వాసన, చామంతి వాసన, కొత్త చీరల వాసన. మూడూ కలిసినప్పుడు వచ్చే వాసనకి తెలుగులో మాట ఉందా? ఝాన్సీ మేడమ్‌ని అడగాలి.

ప్రమోదిని వచ్చింది. దీపం వెలిగించి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. భయమేసింది.

"నా పేరు సదివినావంట."

"పొరపాటైపోయిందండీ."

"సదివితే సదివినావు. ఇంకో మాట కూడా సెప్పాల. ఆ ఆటో హారను మార్సమను. కుక్కపిల్ల ఏడ్సినట్టుంటాది. తరవాత సూద్దాం."

"ఇది స్వామికి చెప్పాలా, రమేష్‌కి చెప్పాలా?"

"ఎవులికి సెప్తే పని జరుగుతాదో ఆలకి సెప్పు" అని నవ్వుకుంటూ వెళ్లింది.

రమేష్‌కి ఫోన్ చేశాను. హారను మార్పించడానికి అప్పుడే మెకానిక్ దగ్గర ఉన్నాడట. మరి ఇది ఎవరి దయ కింద రాయాలి?


నవంబర్ 18, సోమవారం

పాత సంస్కృతం సంకల్పమే చెప్పాను. జనం ఊపిరి పీల్చుకున్నారు. పాపారావు గారి వరి కుప్పలకెక్కింది. రాత్రి చిన్న జల్లు పడింది, కూర్మారావు గారికి చాలలేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి తీర్థం తీసుకున్నారు.

గౌరమ్మ ఇవాళ తొందరగా తిట్టేసింది. ఎల్లాజీకి ఒంట్లో నీరసంగా ఉందట. ఆమె "నీ ఇట్టం" అనగానే నేను అడిగాను. వారం రోజులుగా లోపల తిరుగుతున్న ప్రశ్న అది.

"నీ ఇష్టం అంటావు కదమ్మా, మనసులోంచే అంటావా?"

"నీ దగ్గిర అబద్దం ఎందుకు? మొదట్లో పళ్లు కొరుక్కుంటా అన్నాను. అంటే ఆయనకి కోపం తగ్గి మా మావకి బాగు సేసీత్తాడని అన్నాను. లంచం అనుకో."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కొన్ని వారాలు నోరే అంతాది. కొన్ని వారాలు నానూ అంతాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "అనడం మాత్రం మాననేదు. తిట్టడమూ మాననేదు. రెండూ ఆయన కాడే కదా సేత్తన్నాను. పొరుగింటోడి కాడ కాదు."

విభూతి పొట్లం కొంగున ముడేసుకుని ఆసుపత్రి వైపు నడిచింది. వేగంగా నడుస్తుంది. ఎల్లాజీని లేపే వేళకి అక్కడ ఉండాలి.

నేను ఖాళీ గుళ్లో "నీ ఇష్టం" అని అని చూశాను. నాదీ లంచమే. వాసన తెలిసిపోయింది.


నవంబర్ 20, బుధవారం

టెక్కలి వెళ్లాం.

సగం తగ్గింది. సగమే. ఇంకో నెల మౌనం. ఆపరేషన్ మాట అప్పుడు చూద్దామన్నాడు.

బస్సులో నాన్నగారు కిటికీ పక్కన కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ బస్సెక్కితే కిటికీలోంచి కనిపించే ప్రతి గుడి పేరూ చెబుతారు. ఇవాళ ఒక్కో గుడి వచ్చినప్పుడు నా మోకాలి మీద వేలితో తట్టారు. నేను పేర్లు చెప్పాను. రెండు తెలియలేదు.

సరే అన్నాను స్వామితో. పళ్ల మధ్యనుంచి.


నవంబర్ 21

అంతా మారిపోయింది! అమ్మ తమ్ముడు, పౌరోహిత్యం చేసే రామూర్తి మావయ్య మందస నుంచి ఫోన్ చేశాడు. శిబిరం మూడు రోజులూ ఖాళీ చేసుకుని తనే వచ్చి పూజ చేస్తాడట. "నువ్వు విశాఖ వెళ్లిరా, కథలూ గిథలూ రాసుకో" అన్నాడు. నాన్నగారు కూడా వెళ్లమని చేత్తో సైగ చేశారు. రెండుసార్లు చేశారు.

వెళ్లొచ్చు. వెళ్లడమే దైవేచ్ఛ అన్నమాట.

కాదేమో. ఇది పరీక్షేమో.

బ్యాగు తీస్తుంటే గోడమీద బల్లి పలికింది. పడమర నుంచి. పంచాంగం వెనక బల్లి శాస్త్రం తీసి చూశాను. పడమర పలికితే ఒకచోట మంచిదని ఉంది, ఇంకోచోట తగువని ఉంది. విశాఖ వెళ్లే రైలు టైముకే ఉందా అని చూశాను. ఆలస్యం. అంటే వద్దనా? మళ్లీ చూశాను. టైముకే ఉంది. అంటే సరేననా?

నాన్నగారు నా చేతిలో పంచాంగం చూశారు. ఫోన్ తీశారు.

"ఆయన ఇష్టం బల్లిని అడుగుతున్నావా ఆయన ఇంటికి తాళం చెవి నీ దగ్గరే ఉంది కదా"

పంచాంగం లోపల పెట్టేశాను.


నవంబర్ 22, శుక్రవారం

మధ్యాహ్నం గుడి మూసే వేళకి లోపల కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడగకూడదని పట్టుదలతో కాదు, ఏం అడగాలో తేలక. కాసేపు అభిషేకం చెంబు తోమాను. గౌరమ్మ గుర్తొచ్చింది. మావయ్య చాలా మంచివాడు గానీ ఒక ఊపిరిలో నలుగురి పేర్లు చదివేస్తాడు. గోత్రం తెలియదంటే కసురుతాడు. గౌరమ్మ గర్భగుడి ముందు నోరెత్తితే ఊరుకుంటాడా? ఆమెకి ఉన్నదే ఆ కాస్త సేపు. తిట్టుకోవడానికి ఇంకెక్కడికి వెళ్తుంది?

ఇంటికొచ్చి ఇక్కడ "త్యాగం" అని రాయబోయాను. మంచి మాట, బరువైన మాట, పక్కన నా పేరు ఉంటే బాగుండేది. కానీ అబద్ధం. నన్ను ఉండమని ఎవరూ అడగలేదు. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, బల్లి కూడా. నాకే ఇక్కడ ఉండాలని ఉంది. నిన్నటిదాకా లేదు. ఎప్పుడొచ్చిందో తెలియదు.

ఝాన్సీ మేడమ్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పాను.

"ఇంట్లో బలవంతమా?"

"లేదు మేడమ్. వెళ్లమనే అంటున్నారు."

"ఏడుస్తున్నావా?"

"లేదు మేడమ్. పప్పు కలుపుకుంటున్నాను."

"అయితే తిను. చల్లారిపోతుంది" అన్నారు.


నవంబర్ 23

ఈపాటికి శిబిరం మొదలై ఉంటుంది. కొంచెం ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీద నెడదామంటే కార్తీకంలో మా ఇంటికి ఉల్లిపాయ రాదు.


నవంబర్ 25, సోమవారం

నాలుగో సోమవారం.

తెల్లవారక ముందే తలుపు తీస్తే మెట్ల మీద జనం. రామూర్తి మావయ్య కూడా వచ్చాడు. తీర్థం ఇవ్వడం, చెప్పులు చూడటం, వరస సరిచేయడం ఆయన తీసుకున్నాడు. నేను లోపల నిలబడ్డాను. ఇక పేర్లే పేర్లు. గోత్రం తెలియనివాళ్లు, గోత్రం మరిచిపోయినవాళ్లు, ఇంట్లో అందరి పేర్లతోపాటు ఆవు పేరు కూడా చెప్పినవాళ్లు. అన్నీ చదివాను. పేరు పలికినప్పుడు ఆ మనిషి మొహం చూడటం ఈ నెలలో అలవాటైంది. ఎంత కోపిష్టి అయినా తన పేరు స్వామి ముందు వినిపించిన క్షణంలో చిన్నపిల్లాడిలా అయిపోతాడు. ఏ మంత్రం దగ్గర తడబడ్డానో, ఎక్కడ సరిగ్గా చదివానో పట్టించుకునే తీరిక లేదు. గొంతు దానంతట అదే వెళ్లింది.

రమేష్ వచ్చాడు. బుచ్చమ్మ వెనకే వచ్చింది. ఒకే పళ్లెంలో రెండు కొబ్బరికాయలు. నేనేమీ అడగలేదు.

గౌరమ్మ ఈసారి ఎల్లాజీని కూడా తీసుకొచ్చింది. ఆసుపత్రికి వెళ్లేముందు చూపించాలని. ఆటోలోంచి దిగేటప్పుడు ఒక పక్క రమేష్ పట్టుకున్నాడు, ఒక పక్క గౌరమ్మ. ఎల్లాజీ సన్నటి మనిషి. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసి, "రోజూ తిడతాదంట, ఈయన్నేనా?" అన్నాడు.

"సోమారాలే తిడతాను. మిగతా రోజులు నిన్ను" అంది గౌరమ్మ.

ఇద్దరి పేర్లూ చదివాను. గౌరమ్మ ఇవాళ తిట్టలేదు. భర్త ముందు సిగ్గేమో. "నీ ఇట్టం" అని మాత్రం అంది. ఇవాళ అన్నది నోరో, ఆమో నాకు తెలియదు. నేను అడగలేదు.

వరస తగ్గాక నాన్నగారు లేచి వచ్చారు. గర్భగుడి గుమ్మం దగ్గర, జనంలో ఒకరిలా, చేతులు జోడించుకుని కూర్చున్నారు. ఆయన పేరుతో ఎప్పుడూ ఎవరూ సంకల్పం చెప్పగా నేను వినలేదు. ఎప్పుడూ ఆయనే చెప్పేవారు కదా. గోత్రం చెప్పాను. "దక్షిణామూర్తి నామధేయస్య" అన్నాను. తర్వాత అమ్మ పేరు, హైమవతి. అందరికీ చెప్పినట్టే చెప్పి, పువ్వు చేతిలో పెట్టి, వెనకనున్న ముసలాయన గోత్రం అడిగాను.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని గోడకి ఆనుకున్నాక తట్టింది.

"అయ్యో!" అని లేచి కూర్చున్నాను.

"ఏమైందిరా?" అంది అమ్మ.

"గొంతు! నాన్నగారి గొంతు గురించి అడగడమే మర్చిపోయాను. ఇవాళంతా ఒక్కసారి కూడా అడగలేదు."

అమ్మ నాన్నగారి వైపు చూసింది. ఆయన భుజాలు ఊగడం మొదలెట్టాయి. ఎంతసేపటికీ ఆగలేదు. చేత్తో కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వారు.

"గుడి ఇంకా మూయలేదుగా, మావయ్య అక్కడే ఉన్నాడు. పోయి అడుగు మరి" అంది అమ్మ.

వెళ్లాను. మావయ్య మండపంలో కొబ్బరి చిప్పలు బస్తాకెత్తుతున్నాడు. లోపలికి పోయి ఎదురుగా నిలబడ్డాను. చేతులు జోడించాను. మాటలేవో సిద్ధంగా ఉన్నాయి, మంచివే. దీపం వత్తి కొసకంటా కాలి చిటపటమంటోంది. ముందు దాని సంగతి చూద్దామని కొత్త వత్తి వేసి, నూనె పోసి, అది నిలకడగా వెలిగేదాకా అడ్డంగా చెయ్యి పెట్టాను. తర్వాత కాసేపు అలాగే నిలబడి ఇంటికొచ్చేశాను.

ఏం అడిగావు అన్నట్టు నాన్నగారు చేత్తో సైగ చేశారు.

"ఆకలేస్తోంది నాన్నగారూ" అన్నాను.